శేషం ఒకటి

మా ఇంట్లో ఐబాన్ అన్న మాట మొదటిసారి వినబడింది పోట్లాటలోనే. మా ఆయన మైదుకూరు బ్యాంకు నుంచి వచ్చి, చెప్పులు ఒకటి అటూ ఒకటి ఇటూ విసిరేసి, "లోకంలో అందరికీ ఉండాదంట, మనకు మాత్రం లేదంట!" అని వసారాలో కూలబడ్డాడు. రేషన్ కార్డు సంగతేమో, పట్టాదారు పాసుపుస్తకమేమో అనుకున్నాను. కాదు, ఐబాన్ కావాలట.

జర్మనీలో మసాలా దినుసులు కొనే వ్యాపారి ఒకాయన మా పసుపు సంగతి చూస్తానన్నాడు. ఆయన రాసిన మెయిల్లో, బేరం కుదిరితే డబ్బు పంపడానికి మీ ఐబాన్ ఇవ్వండి అని ఒక మాట ఉంది. దాన్ని పట్టుకొని మా ఆయన బ్యాంకులో మేనేజరు మీదకు పోయాడు. ఆ మేనేజరుది నందికొట్కూరు. మంచివాడే కానీ మొహమాటం తక్కువ.

"ఏమప్పా, డబ్బులు దాచిపెట్టుకునేదానికి మీ బ్యాంకు కావల్ల, ఐబాన్ అడిగితే మాత్రం లేదంటాండావే!" అన్నాడట మా ఆయన.

"నా బ్యాంకులో లేకపోవడం కాదన్నా, మన దేశంలోనే లేదు. ఖాతా నంబరూ, మన బ్యాంకు స్విఫ్ట్ కోడూ రాసి పంపు, సాలు. అది పట్టుకోని దుడ్లు వచ్చేస్తాయి" అన్నాడట ఆయన.

మా ఆయన నమ్మలేదు. ఎవరైనా లేదు అంటే, ఉంది కానీ ఇవ్వడం లేదు అని అర్థం చేసుకునే మనిషి ఆయన. ఈ గొడవేమిటో తేల్చుకుందామని ఆ సాయంత్రం ఫోను ముందు పెట్టుకొని నేను కూర్చున్నాను.

నేను కడపలో లెక్కల డిగ్రీ చదివాను. ఊరికే చదవలేదు, క్లాసులో ముందుండేదాన్ని. పెళ్ళయి వచ్చాక నా లెక్కలన్నీ ఎన్ని బస్తాలు ఉడికాయి, ఎన్ని ఎండాయి, పాలిషు పట్టాక తూకం ఎంత తగ్గింది అన్న దగ్గర ఆగిపోయాయి. దానికి ఏడుస్తూ కూర్చోలేదు కానీ కోపం మాత్రం ఉండేది. మంచి కొడవలిని చూరులో దోపి మరిచిపోయినట్టు ఉండేది నా చదువు.

ఆ సాయంత్రం తెలిసింది, మేనేజరు చెప్పింది నిజమే. ఐబాన్ అనేది యూరపు దేశాల్లో, గల్ఫులో, ఇంకా చాలాచోట్ల బ్యాంకు ఖాతాకు ఉండే పొడుగాటి నంబరు. మనకది లేదు. ముందు దేశానికి రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన రెండు అంకెలు, ఆ తర్వాత బ్యాంకూ ఖాతా వివరం. ఆ రెండు అంకెల దగ్గరే నా మనసు ఆగిపోయింది. అవి బ్యాంకువీ కావు, ఖాతావీ కావు. ఉత్త కాపలా కోసం పెట్టినవి. మొదటి నాలుగింటినీ తీసి చివర పెట్టాలి. అక్షరాలను అంకెలుగా మార్చాలి, ఎ అయితే పది, బి అయితే పదకొండు, అట్లా. వచ్చిన పెద్ద సంఖ్యను తొంభై ఏడుతో భాగించాలి. శేషం ఒకటి వస్తే నంబరు సరిగ్గా రాసినట్టు. ఇంకేం వచ్చినా ఎక్కడో చెయ్యి జారినట్టు. ఒక్క అంకె మారినా చాలు, శేషం మారిపోతుంది.

జర్మనీ వ్యాపారి మెయిలు అడుగున ఆయన ఐబాన్ ఉంది. పాత క్యాలెండరు కాగితం వెనక బడిలో నేర్చుకున్నట్టే నిలువు భాగహారం వేశాను. ఇరవై నాలుగు అంకెల సంఖ్య కిందికి దిగుతూ దిగుతూ వచ్చి ఒకటి దగ్గర నిలబడింది. ఎక్కడి జర్మనీ, ఎక్కడి మైదుకూరు, మా వసారాలో కూర్చుని ఆ నంబరు మంచిచెడ్డలు నేను చెప్పగలిగాను.

"ఒకటి మిగిలితే ఏమొస్తాది? కొనుక్కోని తింటామా?" అన్నాడు మా ఆయన.

అసలు ప్రశ్న అడిగింది మా అత్త. చాటలో చింతపండు గింజలు తీస్తూ మా మాటలన్నీ వింటోంది. "సున్న మిగలగూడదామ్మే?" అంది.

"మిగలగూడదత్తా, ఒగటే మిగలల్ల."

"అవును మల్ల. మన సదివింపుల్లో మాత్రం నూరిచ్చేటోడు ఉత్త నూరిస్తాడా? నూటొకటి ఇస్తాడు, నూటపదార్లిస్తాడు. సున్నతో ముగిస్తే మంచిదా యాడన్నా?"

ఆ నియమం కట్టినవాళ్ళు మా పెళ్ళిళ్ళ చదివింపులు చూసి కట్టలేదని నాకు తెలుసు. అయినా నేను పుస్తకాల మాటల్లో చెప్పలేనిది మా అత్త ఒక్క ముక్కలో పట్టేసింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ దాన్ని మరిచిపోలేదు.

మా అత్త సంగతి చెప్పాలి. కె.సి. కాలువ కింద మాకున్న చేలో ఆమె కాపురానికి వచ్చినప్పటినుంచీ పసుపు పండిస్తున్నారు. విత్తనం కొమ్ములు ఏరడం, పొయ్యి మీద కొప్పెరలో ఎంత ఉడకాలో వాసన పట్టి చెప్పడం, కళ్ళంలో ఆరబోయడం అంతా ఆమె చేతిమీదే. కుడిచేతి వేళ్ళు ఎంత తోమినా తెల్లబడవు. పసుపు గురించి ఆమెకు గర్వం ఎంతో, బాధా అంతే. బస్తాలు మార్కెట్ యార్డుకు పోతాయి, అక్కడినుంచి ఇంకెక్కడికో పోయి, ఇంకేదో పసుపుతో కలిసి, ఇంకేదో ఊరి పేరుతో పొట్లంలోకి ఎక్కుతాయి. సొమ్మొకడిది సోకొకడిది. "ఎవరికన్నా పెండ్లిలో ముఖానికి పూసుకునేది మన పసుపే అయ్యుంటాది. వాళ్ళకేం తెలుసు? మన ఊరి పేరు యాడన్నా రాసినారా దాని మీద?" అని మా మామ ఉన్నప్పటినుంచీ అంటూనే ఉంది.

జర్మనీ వ్యాపారి మాట ఆమెను పట్టుకున్నది ఇక్కడే. మీ పసుపు కల్తీ లేకుండా, పురుగుమందుల అవశేషాలు లేకుండా ఉందని మా దేశపు ల్యాబు చెబితే, వేరే పసుపుతో కలపను, పొట్లం మీద మీ ఊరి పేరే వేస్తాను అన్నాడు. ఆ మాట నేను తెలుగులో చెబితే మా అత్త రెండుసార్లు చెప్పించుకుంది. ఒక షరతు మాత్రం పెట్టాడు. కొత్త సంవత్సరానికి ఎవరి దగ్గర సరుకు కొనాలో ఆయన తేల్చుకునేలోగా రిపోర్టు ఆయన చేతిలో ఉండాలి. ల్యాబు వాళ్ళేమో క్రిస్మస్‌కు మూసేస్తారు. అంతకుముందే పరీక్ష కావాలి. ఫీజు అందితే తప్ప వాళ్ళు పొట్లం కూడా విప్పరు.

నమూనా కొరియరులో పోయింది. ల్యాబు నుంచి ఫీజు బిల్లు మెయిల్లో వచ్చింది. మా ఆయన జిరాక్సు అంగట్లో దాన్ని ప్రింటు తీయించుకొచ్చి దేవుని గూట్లో పెట్టాడు, పొద్దున్నే బ్యాంకుకు పోదామని. మా ఇంట్లో మంచిపనికి పోయే ఏ కాగితమైనా ఆ గూట్లో ఒక పూట ఉండాల్సిందే. పెళ్ళి పత్రికయినా, బోరు మోటారు లోను దరఖాస్తయినా, ట్రాక్టరు కాగితాలయినా సరే, మా అత్త నాలుగు మూలలా పసుపు పూసి కుంకుమ పెడుతుంది. పసుపు మా ఇంటిదే. కొత్తగా నీళ్ళతో కలిపి చేసిన ముద్ద.

మా పసుపు వ్యాపారం, దాని బ్యాంకు ఖాతా నా పేరు మీద ఉన్నాయి. ఆడవాళ్ళ పేరున లోను తొందరగా వస్తుందని ఎవరో చెబితే మా ఆయన అట్లా రాయించాడు. అందుకే నా సంతకం లేనిదే రూపాయి కదలదు. పొద్దున నన్ను బండి మీద ఎక్కించుకొని పోయాడు. ల్యాబు ఐబాన్‌ను బిల్లులో చూసి ఫారంలో ఆయనే రాశాడు, ఒక్కో గడిలో ఒక్కో అంకె, ముత్యాల్లాంటి రాత. "పెట్టు సంతకం" అని నా ముందుకు తోశాడు.

నేను పెన్ను తీసుకున్నాను కానీ సంతకం పెట్టలేదు. అక్కడున్న చలానా ఒకటి తిరగేసి భాగహారం మొదలుపెట్టాను. నేర్చుకున్న విద్య మీద మోజు అది, అనుమానం కూడా కాదు.

శేషం ముప్ఫై తొమ్మిది వచ్చింది.

మళ్ళీ వేశాను. ముప్ఫై తొమ్మిదే. అప్పటికి వెనక వరుసలో జనం నిలబడ్డారు. "ఏందిమ్మా, ఏమన్నా పరీచ్చ రాస్తాండావా?" అని ఒక పెద్దాయన అంటే పక్కనున్నవాళ్ళు నవ్వారు. మా ఆయనకు తల కొట్టేసినట్టయింది.

"నీ లెక్కే తప్పయ్యుంటాది. చదువుకోని ఇన్నేండ్లాయె" అన్నాడు, మెల్లగా అనుకుంటూ గట్టిగానే.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. "నా లెక్క తప్పు కాదు. ఈ నంబరు తప్పు. నేను సంతకం పెట్టనండి" అన్నాను. బ్యాంకంతా వినబడేట్టే అన్నాను.

మేనేజరు గదిలోంచి లేచి వచ్చాడు. విషయం విని ఫారం చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ఎగతాళి చేయలేదు, ఆ మాట చెప్పాలి. "తప్పు నంబరయితే దుడ్లు పోవులేమ్మా. పైన మిషను పట్టుకుంటాది. కాకపోతే ఈ ఫారం ఈడ్నుంచి కడపకు పోవల్ల, ఆడ్నుంచి ఇంకా పైకి పోవల్ల. తప్పని తిరిగొచ్చేసరికి మీ ల్యాబోళ్ళు తాళాలేసుకోని పండక్కి పోయుంటారు" అన్నాడు.

డబ్బు పోదు సరే. పోయేది మా అత్త ఇన్నేళ్ళుగా ఎదురు చూసిన ఒక్క అవకాశం. ఆ వ్యాపారి ఇంకో ఏడాది మా కోసం ఎందుకు ఆగుతాడు?

ఫారంలో అంకెలు లెక్కపెట్టాను. ఏదీ తగ్గలేదు, ఎక్కువ కాలేదు. అంటే ఏదో ఒకటి మారింది. బిల్లు కాగితం అడిగి తీసుకున్నాను. జర్మనీ వాళ్ళు బ్యాంకు వివరాలన్నీ కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో వేస్తారు. ఐబాన్ పోయి పోయి సరిగ్గా కుడిచేతి కింది మూలలో ముగిసింది. ఆ మూలలో ఉంది మా అత్త బొట్టు. తడి పసుపు తగిలి ప్రింటు సిరా కరిగింది, దాని మీద కుంకుమ ఒత్తుకుంది. చివరి అంకె గుండ్రంగా, నిండుగా, ఎవరు చూసినా ఎనిమిదే అనేట్టుంది.

"అత్తా!" అని అరిచాను, ఆమె ఎక్కడో ఇంట్లో ఉందని కూడా మరిచిపోయి.

మా ఆయన ఫోను లాక్కొని మెయిలు తెరిచాను. చివరి అంకె మూడు. మూడు పెట్టి భాగహారం వేస్తే ఒకటి మిగిలింది. ఈసారి పెద్దాయన కూడా వంగి చూశాడు. మా ఆయన ఇంకో ఫారం తెచ్చి మళ్ళీ రాశాడు, ఈసారి ఒక్కో అంకె నాకు చూపించి రాశాడు. రాసి, "ఇంక పెట్టమ్మే" అన్నాడు.

"ఇల్లలకగానే పండగయిందా? ఉండండి" అన్నాను. శేషం ఒకటి వస్తే నంబరు తప్పు లేకుండా ఉందని మాత్రమే తెలుస్తుంది. ఆ ఖాతా ఎవరిదో అది చెప్పదు. దొంగ ఖాతాకు కూడా ఒకటే మిగులుతుంది. మెయిలు దారిలో ఎవరో మార్చారేమో ఎట్లా తెలిసేది? అందుకని మెయిల్లో ఉన్న ఫోను నంబరుకు కాకుండా, ల్యాబు సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు చేసి అడగాలనుకున్నాను. అప్పటికి అక్కడ ఇంకా తెల్లారలేదు. మేనేజరు గడియారం చూసి, "నేను అన్నం తినొచ్చేలోపల అడిగి చెప్పమ్మా, ఫారం నా దగ్గర పెట్టుకుంటా, ఈ పొద్దే పంపిస్తా" అన్నాడు.

బ్యాంకు బెంచీ మీదే కూర్చున్నాము. మధ్యాహ్నానికి ఫోను కలిసింది, ఒక ఆడగొంతు పలికింది. నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషే, కానీ అంకెలకు వ్యాకరణంతో పనేముంది? ముందు నేను చదవలేదు, ఆమెనే చదవమన్నాను. నాలుగేసి నాలుగేసి అంకెలు ఆమె చదివింది, నేను ఫారం మీద వేలు పెట్టి కదుపుతూ పోయాను. చివర ఆమె నోట మూడు వచ్చింది. నేను కళ్ళు మూసుకొని మూడు అన్నాను. ఎందుకింత జాగ్రత్త అని అడిగితే పసుపు కథ చెప్పాను. ఆమె పెద్దగా నవ్వి, అంత రంగున్న పసుపు కోసం మేం ఎదురుచూస్తుంటాం అంది.

అప్పుడు పెట్టాను సంతకం. ఇంటిపేరుతో సహా, పూర్తిగా.

ఇంటికి రాగానే కాగితం మా అత్త ముందు పరిచాను. "ఏం చేసినావో సూడు! మూడును ఎనిమిది చేసి పెట్టినావు. అంకెల మీద బొట్టు పెడతారా ఎవరన్నా?" అని కేకలేశాను.

ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకొని చూసింది. "సిరాను కూడా కరిగించిందంటే మన పసుపు మాటలా?" అంది, మీసం ఒకటి తక్కువ అన్నట్టు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ సాయంత్రం ఆమె అన్నం ముందు కూర్చుని కలుపుతూ తినకుండా ఉండిపోయింది. అడిగితే, "నా సేతులారా పోగొట్టుకోనుంటినే అమ్మా. నువ్వు సూడకపోయింటే?" అంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చొని, ఏమీ పోలేదు అత్తా, డబ్బులు ల్యాబుకే పోయినాయి, నంబరు సరిగ్గా ఉండాది, అన్నాను.

"ఒగటి మిగిలిందా?"

"మిగిలింది."

"అట్లయితే సరే" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ బ్యాంకు బెంచీ మీద నన్ను చూసినవాళ్ళు ఊరంతా చెప్పారు. ఇప్పుడు మేనేజరే మనుషులను మా ఇంటికి పంపుతాడు, "ఆ పసుపోళ్ళ ఇంట్లో మేడమ్మకు సూపించుకోని రా అప్పా" అని. కువైటులో తమ్ముడి ఖాతాకు పంపాలనే అక్క వస్తుంది, పై దేశంలో కూతురి చదువు ఫీజు కట్టే తండ్రి వస్తాడు. ముందు దేశం అక్షరాలు చూస్తాను. కువైటు ఖాతా అని చెప్పి ఇంకేదో దేశం అక్షరాలు చూపిస్తే అక్కడే ఆపుతాను. పొడుగు చూస్తాను, దేశాన్ని బట్టి అది మారుతుంది. అప్పుడు భాగహారం. చివర అందరికీ ఒకటే మాట చెబుతాను, లెక్క కుదిరింది కానీ ఖాతా ఎవరిదో ఫోను చేసి మీరే అడుక్కోండి అని. ఇదంతా ఫోనులో టక్కున చూసే దారులున్నాయని నాకూ తెలుసు, చివర ఒకసారి అట్లా కూడా చూస్తాను. కానీ చేత్తోనే వేస్తాను ముందు. నా చదువు, నా ఇష్టం. మా ఆయన వచ్చినవాళ్ళకు కుర్చీ వేసి, "మా ఇంట్లో ఆమె లెక్కల డిగ్రీ" అని చెబుతాడు, నేనేదో నిన్ననే పాసైనట్టు.

ల్యాబు రిపోర్టు వాళ్ళ సెలవులకు కాస్త ముందు వచ్చింది. కల్తీ లేదు, సీసం లేదు, మందుల అవశేషాలు లేవు, రంగునిచ్చే సత్తువ బాగుంది. మా ఆయన దాన్ని రంగు ప్రింటు తీయించుకొచ్చాడు. వ్యాపారికి అంతకుముందే అందింది, ఆయన సరుకు పంపమని కూడా రాశాడు. నేను ఒక్కో వరుసా తెలుగులో చెబుతుంటే మా అత్త నిలబడే విన్నది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మన ఊరి పేరు రాసినారా?"

"రాసినారత్తా. పండిన చోటు, మైదుకూరు."

"యాడ?"

చూపించాను. ఆమె కుడిచేతి వేలు చీర కుచ్చెళ్ళకు గట్టిగా తుడుచుకుంది. అప్పటిదాకా కొమ్ములు ఏరుతున్న చెయ్యి, అది తుడిస్తే పోయేది కాదు. చదవడం రాని ఆ ఇంగ్లీషు అక్షరాల మీద, మొదటి అక్షరం నుంచి చివరిదాకా మెల్లగా వేలు నడిపింది. వేలు పోయినంత మేరా కాగితం మీద పచ్చటి చార పడింది.

"అమ్మా, కాగితం!" అన్నాడు మా ఆయన, నావైపు భయంగా చూస్తూ.

"పూయనీండి" అన్నాను. "దీంట్లో నేను సరిచూడాల్సింది ఏమీ లేదు."